రుచి ఎవరి సొత్తు?

ఈమధ్య ఇంగ్లీషు పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఒక కొత్త శాస్త్రం తరచుగా కనిపిస్తున్నది. గోంగూర మాంసంతో ఏ వైన్ తాగాలి, బిర్యానీకి ఏది నప్పుతుంది, గ్లాసు కాడను ఏ వేళ్లతో పట్టుకోవాలి, గ్లాసులో వైన్‌ను ఎలా తిప్పి వాసన చూడాలి, నోట్లో ఎంతసేపు నిలుపుకోవాలి - ఇవన్నీ ఆ శాస్త్రంలో అధ్యాయాలు. పెద్ద నగరాల హోటళ్లలో ఈ విద్య నేర్పటానికి ప్రత్యేకంగా సాయంకాలాలు ఏర్పాటు చేస్తున్నారు. ఈ విద్య వచ్చినవాడు సంస్కారవంతుడు. రానివాడు మోటువాడు. వంద రూపాయల భోజనాన్ని వేల రూపాయల భోజనంగా మార్చే మంత్రం ఏదో ఇందులో వుందని చదివేవాడికి అనిపిస్తుంది. అలా అనిపించటానికే ఆ వ్యాసాలు రాస్తున్నారు.

దీనిపట్ల మనవాళ్లలో రెండు వైఖరులు చూస్తున్నాను. మొదటిది చిన్నబుచ్చుకోవటం. జీతం కాస్త పెరిగి, పిల్లలు అమెరికా వెళ్లి, ఒక కొత్త బల్ల ముందు కూర్చోవలసి వచ్చిన మధ్యతరగతి మేధావి తనకు తెలియని మర్యాద ఏదో అక్కడ నడుస్తున్నదని భయపడి, పక్కవాణ్ణి చూసి తానూ గ్లాసు తిప్పటం మొదలుపెడతాడు. రెండవది ఈసడించటం. "ఇదంతా డబ్బున్నవాళ్ల పిచ్చి. కూలివాడికి గంజి లేనప్పుడు వైన్ రుచుల గొడవ మనకెందుకు?" అని ఒక్క మాటతో తోసిపారెయ్యటం. మొదటివారితో వాదించవలసిన పని అంతగా లేదు. నా పేచీ రెండవవారితోనే. ఎందుకంటే వారు మనవారు. పైగా వారు తోసిపారేస్తున్నది వైన్‌ను ఒక్కదాన్నే కాదు. రుచి అనే విషయాన్నే వారు అవతలివారి చేతికి అప్పగిస్తున్నారు.

సాహిత్య విమర్శకు అంకితమైన పత్రికలో ఈ చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన విమర్శ పరిభాషకు పునాది వంటింట్లోనే వుంది. రసం, ఆస్వాదన, చర్వణ, అభిరుచి, పాకం - ఇవన్నీ నాలుకకు సంబంధించిన మాటలే. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించటానికి భరతుడు ఎంచుకున్న ఉపమానం భోజనమే. రకరకాల వ్యంజనాలతో వండిన అన్నం తినేవారు రుచులను ఎలా ఆస్వాదిస్తారో, నాటకం చూసేవారు భావాలను అలా ఆస్వాదిస్తారని ఆయన చెప్పాడు. కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించుకున్న వాళ్లం మనం. కాబట్టి నాలుక మీది రుచిని తేల్చేదెవరు అన్న ప్రశ్నకు మనం ఏ జవాబు చెబుతామో, పద్యం మీదా కథ మీదా కూడా అదే జవాబు చెప్పవలసి వస్తుంది.

వైన్ శాస్త్రజ్ఞుల సిద్ధాంతాన్ని మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి: గొప్పతనం సీసాలోనే వుంది, ఖరీదు దాన్ని చూపించే అద్దం మాత్రమే. రెండు: దాన్ని కనిపెట్టే శక్తి కొద్దిమంది నాలుకలకే వుంటుంది. మూడు: ఏ తిండికి ఏ వైన్ అన్నది ప్రకృతి నియమం, దానికి తిరుగులేదు. ఈ మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

ఖరీదు సంగతి. ప్రపంచంలోని వైన్ పట్టికలన్నిటికీ పెద్దన్న వంటిది ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు 1855 నాటి వర్గీకరణ. మూడవ నెపోలియన్ పాలనలో ఆ సంవత్సరం పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అక్కడ చూపించటానికి బోర్డో వర్తకసంఘం ఒక పట్టిక కావాలని కోరింది. దాన్ని తయారుచేసింది రసజ్ఞులు కాదు, వైన్ దళారులు. వారు రుచి పోటీ ఏదీ పెట్టలేదు. ఏ తోట సరుకు ఏళ్ల తరబడి మార్కెట్‌లో ఏ ధర పలుకుతున్నదో చూసి, ఎర్ర వైన్ తోటలను అయిదు అంతస్తులుగా పేర్చారు. పై అంతస్తులో నాలుగు: లఫీట్, లతూర్, మార్గో, ఓబ్రియోన్. ఆ తర్వాత నూట డెబ్బయి ఏళ్లలో తోటల యజమానులు మారారు, పొలాల సరిహద్దులు మారాయి, తయారీ పద్ధతులు మారాయి. పట్టిక మాత్రం దాదాపు అలాగే వుంది. పై అంతస్తుకు ఎక్కింది ఒకే ఒక్క తోట, మూతోన్ రోత్‌షిల్డ్, 1973లో. అంటే 1855 నాటి ధరే నేటి గొప్పతనం, నేటి గొప్పతనమే నేటి ధర. మార్కెట్ తన ముఖాన్ని తానే అద్దంలో చూసుకుని దానికి సౌందర్యశాస్త్రం అని పేరు పెట్టుకున్నది.

ఆ చీటీని కప్పిపెడితే ఏమవుతుంది? 1976 మే 24న పారిస్‌లో అదే జరిగింది. ఒక ఇంగ్లీషు వైన్ వర్తకుడు, స్టీవెన్ స్పరియర్, ఫ్రాన్సులో పేరుమోసిన రసజ్ఞులను కూర్చోబెట్టి, ఫ్రెంచి వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ పేర్లు చెప్పకుండా పోయించాడు. ఎరుపులోనూ తెలుపులోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకు వచ్చింది. ఇచ్చినవారు ఫ్రెంచివారే. ఇది పాత కథ. 2008లో వచ్చిన రెండు పరిశోధనలు మరింత తేటగా చెప్పాయి. అమెరికాలో జరిపిన ఆరువేలకు పైగా గుప్త పరీక్షల ఫలితాలను కూడితే, శిక్షణ లేనివారు ఖరీదైన వైన్‌కు చౌకదానికంటే ఎక్కువ మార్కులు వెయ్యలేదు సరికదా, కొంచెం తక్కువే వేశారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. 90 అన్నప్పుడు తాగినవారికి అది ఎక్కువ నచ్చింది. నచ్చిందని నోటితో అనటమే కాదు, మెదడులో సుఖానికి సంబంధించిన భాగం కూడా ఆ మేరకు ఎక్కువగా పనిచేసింది. వారు అబద్ధమాడలేదు. ఖరీదు నిజంగానే వారి నాలుక మీదికి ఎక్కింది.

రెండవ మాట, కొద్దిమంది నాలుకల సంగతి. బోర్డోలోనే వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. తెల్ల వైన్ తెల్లగా వున్నప్పుడు తేనె, నిమ్మజాతి పళ్లు అని వర్ణించే ఆ పిల్లలు, రంగు కలిపిన అదే వైన్‌ను ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2001లో ఇది అచ్చయింది. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను ఒకే వరుసలో మూడుసార్లు, మూడు వేరువేరు వైన్లన్నట్లు ఇచ్చి చూశారు. మూడుసార్లూ దాదాపు ఒకే నిర్ణయం చెప్పగలిగినవారు నూటికి పదిమంది. ఇదీ నాలుకల మహిమ.

ఇక్కడ మన ఈసడింపు మిత్రులు చప్పట్లు కొడతారు. "చూశారా, అంతా బూటకమే!" అంటారు. వారు తొందరపడుతున్నారని నా వాదన. నేను చెప్పిన ఆరువేల పరీక్షల పరిశోధనలోనే ఇంకో మాట వుంది. శిక్షణ పొందినవారు మాత్రం ఖరీదైన వైన్ల వైపు కొంత మొగ్గారు. ఆ మొగ్గు ఖరీదును సమర్థిస్తుందని కాదు. నాలుక నేర్చుకోగలదని, నేర్చుకున్నది చదువు లేని నాలుకకంటే భిన్నంగా పనిచేస్తుందని అది చెబుతున్నది. ఎర్రరంగు చూసి మోసపోయిన విద్యార్థులు ఏమీ తెలియనివారు కారు. ఎక్కువ తెలిసినవారు కనకనే వారి ముక్కు వారి కంటి మాట విన్నది. ఈ పరీక్షలన్నీ కలిసి రుజువు చేస్తున్నది రుచి లేదని కాదు, రుచి ఒంటరిగా లేదని. అది భాషతో, ధరతో, చదువుతో, వర్గంతో కలిసి నాలుక మీదికి వస్తున్నది. మన అయిదు ఇంద్రియాలూ ప్రకృతి ఇచ్చినవి మాత్రమే కాదు, మానవ చరిత్ర అంతా కలిసి తయారుచేసినవని మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో వాదించాడు. దాన్ని సంగీతం గురించి చెప్పినప్పుడు తల ఊపే మనవాళ్లు నాలుక దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనక్కి తగ్గుతారు?

రుచికి పదార్థపరమైన ఆధారం కూడా వుంది. ఎర్ర వైన్‌లో టానిన్లుంటాయి. అవి ద్రాక్షతొక్క నుంచీ గింజల నుంచీ వస్తాయి. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిని బిగదీస్తాయి. ఈ సంగతి తెలుగువాడికి ఎవరూ హోటల్లో నేర్పనక్కర్లేదు. నేరేడుపండు తిన్న ప్రతి పిల్లవాడికీ అది తెలుసు. దాని పేరు వగరు. షడ్రుచుల్లో దానికో స్థానముంది, ఉగాది పచ్చడిలో మామిడిపిందెతో అది ఏటేటా మన నాలుక మీదికి వస్తుంది. ఇంగ్లీషువాడు దానికోసం వైద్యశాస్త్రం నుంచి మాట తెచ్చుకోవాలి. మనకు ఇంటిమాట. అయినా ఆ ఇంటిమాటను దాచుకుని, ఎన్నడూ చూడని సీమపళ్ల పేర్లు బట్టీపట్టటం సంస్కారమని మనకు చెబుతున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త ఆన్ నోబుల్ 1984లో వైన్ వాసనలకు ఒక చక్రం గీసింది. తన విద్యార్థులకు తెలిసిన పళ్లూ పూలూ మసాలాలతో ఆమె దాన్ని గీసింది, అది మెచ్చుకోదగిన పని. తప్పు ఆమెది కాదు. ఆ చక్రాన్ని తెచ్చి, నేరేడు తెలిసి బ్లాక్‌కరంట్ తెలియనివాడు రుచి తెలియనివాడని తీర్పు చెప్పేవారిది తప్పు.

కల్లుగీత కార్మికుణ్ణి గమనించండి. మోకూ ముస్తాదూ కట్టుకుని తెల్లవారుజామున చెట్టెక్కేవాడికి పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా తెలుసు. ఈతకల్లు ఎక్కడ ఆగుతుందో, తాటికల్లు ఎక్కడ మొదలవుతుందో తెలుసు. పొద్దున తియ్యగా వున్నది ఎండెక్కేకొద్దీ ఎంత పులుస్తుందో, ఏ చెట్టు కల్లు ఏ నెలలో పలచబడుతుందో తెలుసు. నాలుక మీద ఒక చుక్క వేసుకుని లొట్టి ఎంత శుభ్రంగా కడిగారో చెప్పగలడు. ఇంతకంటే వైన్ రసజ్ఞుడు చేసేదేముంది? ఉన్న తేడా ఒక్కటే. రసజ్ఞుడి జ్ఞానానికి పట్టా వుంది, పారితోషికం వుంది, పత్రికలో కాలమ్ వుంది. గీత కార్మికుడి జ్ఞానానికి చెట్టు మీదినుంచి పడి నడుము విరిగే ప్రమాదం వుంది. అతని రుచిని ఎవరూ రుచి అనలేదు, అలవాటు అన్నారు.

మూడవది, తిండితో జత కలిపే నియమాలు. ఇందులో కొంత శాస్త్రమున్న మాట నిజం. చేపతో ఎర్ర వైన్ నప్పదన్నది పాత సామెత లాంటిది. 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు దానికి కారణం చూపించారు. కొన్ని ఎర్ర వైన్లలో ఎక్కువగా వుండే ఇనుము సముద్రపు తిండితో కలిసి నోట్లో నీచువాసన మిగులుస్తుంది. కొవ్వు వున్న మాంసం, ఉప్పు, టానిన్ వగరును మెత్తబరుస్తాయి. తిండిలో పులుపు ఎక్కువైతే తక్కువ పులుపున్న వైన్ చప్పబడుతుంది. మిరపకారం మంటను ఆల్కహాల్ మరింత ఎగదోస్తుంది. ఈ చివరి రెండు సంగతులూ కలిపి ఆలోచిస్తే పాఠకుడికి ఒక విషయం తట్టాలి. గోంగూర మాంసానికి, చింతపండు చేపలపులుసుకు, ఆవకాయకు ఈ వైన్లలో చాలా భాగం నప్పకపోవటంలో వింత లేదు. ఆ తిండిని ఆ వైన్ కోసం వండలేదు, ఆ వైన్‌ను ఆ తిండి కోసం చెయ్యలేదు. అయినా ఆదివారం అనుబంధం ఏదో ఒక సీసా పేరు చెప్పే తీరుతుంది. ఎందుకంటే దాని పని భోజనానికి తోడు వెతకటం కాదు, సీసాకు గిరాకీ వెతకటం.

జత అనేది మొదట ఎక్కడ పుట్టింది? ఒకే ఊళ్లో. ఆ ఊరి పశువు, ఆ ఊరి జున్ను, ఆ ఊరి ద్రాక్ష తరతరాలుగా కలిసి పెరిగాయి కనక ఒకదానికొకటి నప్పాయి. దాన్ని నప్పించింది ఆ ఊరి రైతులు, వంట చేసిన ఆడవాళ్లు. అయితే తోటలో పనిచేసిన కూలివాడు ఆ జతలో సగమే చూశాడు. మంచి రసం యజమాని పీపాల్లోకి పోగా మిగిలిన పిప్పిలో నీళ్లు పోసి తీసిన పలచటి సారాను ఫ్రాన్సులో పికెట్ అంటారు. కూలివాడు తాగింది అది. మన పల్లెల్లో వెన్న తీసిన మజ్జిగ పాలేరుకు పోసినట్లే. ఆ గ్రామీణ జ్ఞానాన్ని పుట్టినచోటు నుంచి ఊడబెరికి, సూత్రాలుగా కట్టి, పాఠంగా అమ్మేటప్పుడు దానికి కర్తలుగా మిగిలింది హోటలూ, పత్రికా, కంపెనీ.

ఇంత సూక్ష్మమైన నాలుకలకు ఒక్క రుచి మాత్రం ఎన్నడూ తగలలేదు. అది చెమట. తోలువాసన, పొగాకువాసన, తడిసిన రాతివాసన కూడా పట్టగల ఈ ముక్కులు సీసాలోని శ్రమను పట్టలేదు. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. చరిత్ర చూడండి. 1860ల తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేసినప్పుడు, ఫ్రెంచి పాలకులు తాము ఆక్రమించిన అల్జీరియాలో తోటలు వేశారు. 1930ల నాటికి అక్కడ ద్రాక్షతోటలు సుమారు 4 లక్షల హెక్టార్లు. అధికసంఖ్యాకులకు మద్యం మతరీత్యా నిషిద్ధమైన దేశంలో, గోధుమ పండవలసిన నేల మీద, నేల పోగొట్టుకున్నవారి చేతులతోనే ఆ పంట పండించారు. ఆ చిక్కటి ఎర్ర సారా ఓడల్లో ఫ్రాన్సుకు చేరి, పలచటి ఫ్రెంచి వైన్లలో కలిసి, వాటికి రంగూ బలమూ ఇచ్చింది. ఏ రసజ్ఞుడూ తన గ్లాసులో అల్జీరియా వుందని రాసుకోలేదు. ఆ సంగతి ఎత్తినది ఒక సాహిత్య విమర్శకుడు, రోలాన్ బార్త్, 1957 నాటి తన పుస్తకంలో. ఫ్రెంచివాడి వైన్ అతనికి ఎంత పవిత్రమైన జాతీయచిహ్నమైనా, రొట్టె కరువైన అల్జీరియా ముస్లిము నుంచి గుంజుకున్న నేల మీద పండుతున్నదని ఆయన గుర్తుచేశాడు. విమర్శకుడి పని అది.

దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు తోటల్లో 'డాప్' అనే పద్ధతి నడిచింది. కూలీలో కొంత భాగాన్ని నాసిరకం వైన్‌గా, పనిరోజులోనే దఫదఫాలుగా పోసేవారు. చట్టం దాన్ని ఎన్నడో తప్పు అన్నది. దాని ఫలితాన్ని ఆ కూలి కుటుంబాల పిల్లలు ఇవాళ కూడా అనుభవిస్తున్నారు. గర్భంలోనే మద్యం తగిలి దెబ్బతిన్న పిల్లల నిష్పత్తి ప్రపంచంలో చాలా ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో అదొకటి. ఇవన్నీ పాతకాలపు దురాగతాలని ఎవరైనా అంటే, షాంపేన్ సంగతి చెబుతాను. షాంపేన్ ద్రాక్షగుత్తులను చేత్తోనే కొయ్యాలని అక్కడి నిబంధన. ఆ చేతులు ఎవరివి? 2023 కోతకాలంలో అక్కడ ఒక పల్లెలో 50 మందికి పైగా కూలీలు, ఎక్కువమంది పశ్చిమాఫ్రికా నుంచి వచ్చినవారు, మనుషులు వుండదగని బసలో కుక్కివుండగా అధికారుల కంటపడ్డారు. 2025 జులైలో షాలోన్ కోర్టు ముగ్గురిని మనుషుల అక్రమ తరలింపు నేరం కింద దోషులని తేల్చింది. ప్రపంచంలో పెళ్లిళ్లకూ విజయాలకూ పగలగొట్టే సీసా అది.

తోటల్లో మనుషులు ఊరికే పడివుండలేదు. 1907లో దక్షిణ ఫ్రాన్సులో, చక్కెరా నీళ్లూ కలిపిన దొంగ వైన్ వల్లా అధికోత్పత్తి వల్లా ధర పడిపోయి, చిన్న రైతులూ కూలీలూ తిరగబడ్డారు. మార్సెలిన్ అల్బేర్ అనే ఒక పల్లెటూరి సారాయి దుకాణదారు నాయకుడు. జూన్ 9న మోంపెల్యేలో లక్షల మంది కూడారు. ప్రధాని క్లెమెన్సో సైన్యాన్ని పంపాడు. నార్బోన్‌లో కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయారు. తమ ఊళ్ల మీదికి తుపాకులెత్తం అని 17వ పదాతిదళపు సైనికులు తిరుగుబాటు చేశారు. ఆ నెలాఖరుకే కల్తీ వైన్‌ను అరికట్టే చట్టం వచ్చింది. అంటే సీసాలో వున్నది నిజమైన ద్రాక్షరసమేనని ఇవాళ్టి రసజ్ఞుడు నమ్మి తాగుతున్నాడంటే, ఆ నమ్మకంలో కొంత ఆ రైతుల నెత్తుటితో వచ్చింది. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియా డెలానోలో ఫిలిప్పీన్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగారు. సీజర్ చావెజ్ సంఘంలోని మెక్సికన్ కూలీలు వారితో కలిశారు. 1966లో వారు డెలానో నుంచి శాక్రమెంటో వరకూ సుమారు 300 మైళ్లు నడిచారు. ఆ నడక ముగిసేలోపలే, వైన్ ద్రాక్ష పండించే ఒక పెద్ద మద్యం కంపెనీ వారి సంఘాన్ని గుర్తించక తప్పలేదు. పదేళ్ల తర్వాత పారిస్‌లో కాలిఫోర్నియా గెలిచిందని రాసినవారు ఈ గెలుపును కూడా రాయవలసింది.

మనవాళ్లు మరిచిపోయిన సంగతి ఇంకొకటుంది. మార్క్స్‌ను అర్థశాస్త్రం వైపు తిప్పినవాటిలో ద్రాక్షతోట ఒకటి. మోసెల్ లోయలో ద్రాక్షరైతుల దుస్థితి గురించి 1843 జనవరిలో ఆయన తన పత్రికలో రాశాడు. రైతులు తమ కష్టాన్ని ఎక్కువ చేసి చెబుతున్నారని ప్రష్యా అధికారులు అంటుంటే, వారి వాదాన్ని చీల్చి చూపించాడు. కొద్ది నెలల్లో ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. కలపదొంగతనాల చట్టం, మోసెల్ రైతుల సమస్య తనను మొదటిసారి ఆర్థిక ప్రశ్నల్లోకి దించాయని 1859లో ఆయనే రాసుకున్నాడు. ఇక ఎంగెల్స్ సంగతి. మార్క్స్ కూతురు జెన్నీ 1868లో సరదాగా ప్రశ్నలు రాసి ఇచ్చి, సుఖమంటే ఏమిటని అడిగితే, ఆయన రాసిన జవాబు 1848 నాటి షాతో మార్గో. అది విప్లవ సంవత్సరం, అగ్రశ్రేణి తోట. ఆ జవాబులో ఆయన వర్గద్రోహం ఏమీ చెయ్యలేదు. మంచిది ఏదైనా అందరికీ దక్కాలని పోరాడేవాడు, మంచిది ఏదో ఎరగననవలసిన అవసరం లేదు.

ఇప్పుడు గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. అది రావాలి కూడా. "తాగుడు పేదవాడి ఇల్లు కూలుస్తుంటే మీరు దాని రుచి గురించి మాట్లాడుతున్నారా?" 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాయి దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో తమలాంటి ఆడవాళ్ల కథ చదివి లేచినవారు వారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్ల ముందు తలవంచకుండా ఈ విషయం మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఏ మోతాదూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. గుండెకు మంచిదన్న పేరుతో వైన్‌కు ఇచ్చే మినహాయింపు కూడా ఆ మాటతో చెల్లిపోయింది.

కాని ఆ పోరాటాన్ని సరిగ్గా చదివితే అది నా వాదానికి ఎదురు కాదు. కూలివాడికి ప్యాకెట్లలో అమ్మిన సారాలో రుచి అనే ప్రశ్నకు చోటే లేదు. అది ఒళ్లునొప్పిని చంపటానికి, పగటిపనిని మరవటానికి. ప్రభుత్వానికి అది ఆదాయం, కాంట్రాక్టరుకు లాభం. మన పట్టణాల్లో వీధికొకటిగా 'వైన్స్' అని బోర్డులుంటాయి. లోపల వుండేది ముప్పాతికమువ్వీసం బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ అన్న మాట మాత్రం బోర్డు మీద. ఆ బోర్డు కింద క్యూలో నిలబడేవాడికి మత్తు, హోటల్లో కూర్చున్నవాడికి రుచి. ఒకే పదార్థం రెండు వర్గాలకు రెండు పేర్లతో అందుతున్నది. ఒకడు తాగితే తాగుబోతు, ఒకడు తాగితే రసజ్ఞుడు. బూర్డ్యూ అనే ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త 1979లో ఒక పెద్ద గ్రంథంలో చూపించింది ఇదే. అభిరుచి అన్నది మనుషుల మధ్య గీత గీసే పనిముట్టు. తాగుడు మానాలని పేదవాడికి చెప్పే నోటితోనే తాగటం నేర్చుకోమని మధ్యతరగతికి చెప్పటంలోని కపటం ఎక్కడుందో మనం చూపించాలి.

ఈ కపటం మన దేశంలో ఎలా నడుస్తుందో నాసిక్‌లో చూడవచ్చు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పరిశ్రమను ప్రోత్సహించే విధానం తెచ్చింది. నాసిక్‌ను ఇప్పుడు భారతదేశపు వైన్ రాజధాని అంటున్నారు. నగరాల నుంచి పర్యాటకులు వచ్చి ద్రాక్షపళ్లను కాళ్లతో తొక్కి సరదాపడతారు. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మవచ్చునని అక్కడి మంత్రివర్గం నిర్ణయించి, ఇది రైతు మేలు కోసమని చెప్పింది. నాసిక్‌లో పండే ద్రాక్షలో అత్యధిక భాగం తినే ద్రాక్ష, వైన్ ద్రాక్ష కాదు. ఆ జిల్లాలోనే సుర్గాణా, పేఠ్ తాలూకాల ఆదివాసులు కూలిపనికి ద్రాక్షతోటలకు దిగివస్తారు. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబయి దాకా వేలాది రైతులు నడిచినప్పుడు ముందువరుసలో నడిచింది ఈ కొండప్రాంతాల ఆదివాసులే. వారు అడిగింది తాము దున్నుతున్న అటవీభూమికి పట్టా. పగిలిన ఆ పాదాల ఫొటోలు దేశమంతా చూసింది. ద్రాక్షను తొక్కే పాదాలకూ రోడ్డును తొక్కిన పాదాలకూ మధ్య వున్న దూరాన్ని ఏ రుచిశాస్త్రం కొలుస్తుంది?

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. మన విమర్శలో కూడా 1855 నాటి పట్టికలున్నాయి. ఎప్పుడో ఎవరో వేసిన అంతస్తుల ప్రకారం కవులను ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో పేర్చుతున్నారు. అవార్డు వచ్చింది కనక గొప్ప పుస్తకం, గొప్ప పుస్తకం కనక అవార్డు వచ్చింది. దీన్ని మనం ఎన్నోసార్లు ఎండగట్టాం. కాని మనలో కొందరు చేసేది ఏమిటి? సీసా మీద ఎర్ర చీటీ వుంటే చాలు, మూత తీయకుండానే బంగారు పతకం ఇచ్చేస్తారు. కథలో ఎర్రజెండా ఎగిరిందా, కూలివాడు గెలిచాడా, అదే పరీక్ష. వాక్యం పులిసిపోయినా, పాత్ర చప్పబడినా అడగరు. అడిగినవాణ్ణి రూపవాది అంటారు. తెల్ల వైన్‌లో ఎర్రరంగు చూసి ఎర్ర వైన్ మాటలు రాసిన ఆ విద్యార్థులకూ వీరికీ తేడా నాకు కనిపించదు. ఇది శత్రువుకు లాభించే పొరపాటు. రుచి మనకు అక్కర్లేదని మనమే ఒప్పుకుంటే, రుచి తమదేనని వారు చెప్పటం ఎంత తేలిక!

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నా సూచన ఇది. వైన్ వారి దగ్గర నేర్చుకోదగింది ఒక్కటుంది, చీటీ కప్పటం. కేంబ్రిడ్జిలో రిచర్డ్స్ రచయితల పేర్లు చెప్పకుండా విద్యార్థులకు పద్యాలిచ్చి, వారు రాసినదాన్ని 1929లో అచ్చువేశాడు. మన తరగతిగదుల్లో కూడా అలా చెయ్యండి. పేరూ, పార్టీ, అవార్డూ తీసేసి నాలుగు కథలు చదివించండి. ఏది నోట్లో నిలిచిందో, ఏది వగరనిపించిందో, ఎందుకో తమ సొంత మాటల్లో చెప్పమనండి. గీత కార్మికుడి కొడుకు ఆ తరగతిలో వుంటే, అతని ఇంటిమాటలను పరిభాషగా ఒప్పుకోండి. కాని అక్కడితో ఆగితే మనం కూడా హోటల్ రసజ్ఞులమే అవుతాం. చీటీ కప్పితే ధర మాయమవుతుంది, దానితోపాటు అల్జీరియా కూడా మాయమవుతుంది. కనక తర్వాత చీటీ మళ్లీ విప్పాలి. ఇది ఎవరి నేల మీద పండింది, ఎవరు కోశారు, ఎవరికి ఎంత ముట్టింది అని అడగాలి. మొదటి పని చెయ్యనివాడు ప్రచారకుడు, రెండవ పని చెయ్యనివాడు దళారి. విమర్శకుడు రెండూ చెయ్యవలసిందే.